తాకొద్దు గారి డోడో పక్షి

ఆ ఆదివారం ఉదయం తాకొద్దు గారి పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, తెల్ల చేతితొడుగులు వేసుకోవడం, పన్నెండు వెండి నాణేలను ప్లాస్టిక్ డబ్బీల్లోంచి తీసి నీలం ముఖమల్ గుడ్డ మీద వరసగా పేర్చడం, స్కూటరేసుకుని వెళ్ళి పళ్ళ డాక్టరు గారిని ఇంటికి తీసుకురావడం. ఇంత చిన్న పథకంలో తప్పు జరగడానికి చోటెక్కడుందని ఆయన అనుకున్నాడు. చోటు వంటింట్లో ఉంది. గిన్నెలు తోమే పొడి డబ్బా పక్కన.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది కానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప మరెక్కడా వాడుకలో లేదు. ఇంటికెవరొచ్చినా "కూర్చోండి" అనడానికి ముందు "తాకొద్దు" అంటాడు కాబట్టి వీధి వీధంతా ఆయన్ని తాకొద్దు గారనే పిలుస్తుంది. బీమా ఆఫీసులో సెక్షను పెద్ద. ఇళ్ళు కాలిపోయినవాళ్ళు పెట్టుకున్న దరఖాస్తుల్లో లోపాలు వెతికి వెనక్కి పంపడం ఉద్యోగం. ఆ పనిలో ఆయన కన్ను డేగకన్నని పేరు. ఇంటికొచ్చాక మాత్రం ఆ కన్ను నాణేల మీద వాలి మెత్తబడిపోతుంది.

ఇవి ఖర్చు పెట్టే నాణేలు కావు. వీటితో కూరగాయల బండి దగ్గర కరివేపాకు కూడా రాదు. మెడలో వేసుకునేవీ కావు. దాచుకునేవాళ్ళు దాచుకోవడానికని, తడవకో విషయం ఎంచుకుని అచ్చువేసి అమ్మేవి. ఒక వరస నిండా దీపస్తంభాలు. ఒక వరస నిండా పెంపుడు కుక్కలు. పిల్లలు ఆడుకునే దిమ్మెల ఆకారంలో వెండి కడ్డీలు ఒక పెట్టె నిండా ఉన్నాయి, పిల్లలు మాత్రం ముట్టకూడదు. చెవిపోగు శీలకైనా చాలనంత బంగారం రేకు ఒకటి అరచేయంత అట్టలో బిగించి ఉంది. ఆ అట్ట బరువు వల్ల కాబోలు, దాన్ని పట్టుకున్నప్పుడల్లా ఆయన రెండు చేతులూ వాడతాడు.

అన్నిట్లోకీ తలమానికం "మళ్ళీ కనిపించని జీవులు" వరస, ఇవాళ ముఖమల్ ఎక్కే పన్నెండూ ఇవే. అందులో మొదటిది డోడో పక్షి. బతికున్నన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోక అంతరించిపోయిన పక్షి, వెండి బిళ్ళ మీదికి ఎక్కగానే అందరికీ తెగ ముద్దొచ్చింది. ఈ వరస ప్రత్యేకత ఏమిటంటే, కొత్త నాణేన్నే పాతదిలా కనిపించేటట్టు తయారుచేసినచోటే నల్లబరచి పంపుతారు. ఆ నలుపుకి అదనపు ధర. ఇల్లాలి ఇత్తడి బిందె ఏ అదనపు ధరా లేకుండా పదిహేనేళ్ళుగా నల్లబడుతోంది, దాన్ని ఎవరూ ముఖమల్ మీద పెట్టలేదు.

ఇల్లాలికి బిందె గురించి బాధ లేదు. బాధల్లా గది గురించి. ఇంట్లో ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉన్న గది అదొక్కటే. ఆ కిటికీ కింద ఒకప్పుడు ఆమె కుట్టు మిషను ఉండేది. చుట్టుపక్కల నాలుగు వీధుల పిల్లల గౌన్లు, బడి దుస్తులు అక్కడే తయారయ్యేవి. నాణేలొచ్చాక వెలుతురు పనికిరాదని కిటికీకి అట్ట కొట్టారు. మిషను వెనక నడవాలోకి, ఆరేసిన తువ్వాళ్ళ కిందికి చేరింది. ఆమె ఇప్పుడు భోజనాల బల్ల మీద, పొద్దుటి పళ్ళేలు తీశాక మధ్యాహ్నం పళ్ళేలు పెట్టేలోపు గుడ్డ కత్తిరించుకుంటోంది. గౌనుకి పులుసు మరక పడిందని కిందటివారం ఒకావిడ గౌను వెనక్కిచ్చింది కూడా.

"ఏమండీ, ఆ గదిలో నాకు ఒక్క మూల చాలు. సూదిలో దారం ఎక్కించుకునేపాటి వెలుతురుంటే చాలు," అంది ఆ ఉదయం కాఫీ ఇస్తూ.

"మూలేమిటోయ్, ఇవాళ ఆ మిషనే వెళ్ళిపోతుంది. పాత సామాన్ల వాడితో మాట్లాడేశాను. డాక్టరు గారొచ్చి చూసి 'బాగుంది' అంటే ఈ ఏడాది నాణేల సంఘం కప్పు మనదే. కప్పంటూ వచ్చాక గాజు బీరువా వద్దూ? అది గది నిండా వస్తుంది. పాత పెట్టెలన్నీ నడవాలోకి."

"నన్నడక్కుండా నా మిషను అమ్మేశారా?"

"ఇంకా అమ్మలేదు. సాయంత్రం కదా వాడొచ్చేది."

"ఒకవేళ డాక్టరు గారు బాగాలేదంటే?"

తాకొద్దు గారు కాఫీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. "నా నాణేల్లోనా? ఆయన ఒక్క లోపం చూపించమను. ఆ క్షణం గది నీది. పెట్టెలన్నీ నెత్తిన పెట్టుకుని నేనే నడవాలోకి పోతాను."

"నేను విన్నాన్రా తమ్ముడూ," అంది పక్కన కూర్చుని బీరకాయ తొక్కు తీస్తున్న ఆయన అక్కగారు.

ఈవిడ కళ్ళ పరీక్షకని మూడురోజులకి వచ్చింది. పరీక్షయింది, కొత్త కళ్ళద్దాలొచ్చాయి. అద్దాలు పెట్టుకోగానే తమ్ముడింట్లో మురికి కనబడటం మొదలైంది. ఇక ఆవిడ వెళ్ళలేదు. వచ్చిన వారంలో గడియారం కడిగింది. ఆ గడియారం అప్పట్నుంచి ఒకే టైము చూపిస్తోంది.

తాకొద్దు గారు నాణేలను ముఖమల్ మీద పేర్చి, తలుపు దగ్గరికి వేసి, "ఎవరూ తాకొద్దు" అని ఇంట్లో ప్రతి గదికీ విడివిడిగా చెప్పి బయల్దేరాడు. డబ్బీల్లోంచి ఎందుకు తీశాడంటే, డాక్టరు గారికి డబ్బీలోంచి చూడటం నచ్చదు. "మూసిన నోట్లో పళ్ళు చూస్తానా?" అంటాడట. పళ్ళ వైద్యం మానేశాక ఆయన నాణేల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. పాత పనిముట్లే కొత్త పనికీ తెచ్చుకున్నాడు.

ఇల్లాలు మేడ మీద బట్టలు ఆరేసి దిగేసరికి వంటింట్లో కరకరమని చప్పుడు. వదినగారు చేతులు మోచేతుల దాకా నురగలో ముంచి ఏదో చిన్న వస్తువుని పట్టుబట్టి రుద్దుతోంది.

"ఏం తోముతున్నారు వదినా?"

"నీ మొగుడి పరువు తోముతున్నా. పెద్దమనుషులొచ్చే వేళకి వెండంతా అలా మసిపట్టి ఉంటే ఏమనుకుంటారు? ఈ ఇంట్లో ఆడవాళ్ళున్నారా, పోయారా అనుకోరూ? ఇదిగో, మచ్చుకి ఒకటి తోమాను. ఈ బాతుకి ఎంత మసో చూడు, నీళ్ళు నల్లగా పోయాయి."

ఇల్లాలు చూసింది. డోడో పక్షి తళతళలాడుతోంది. హోటలు వాళ్ళ చెంచాలా, అప్పుడే గుండు కొట్టించుకున్న తలలా మెరుస్తోంది.

"అది బాతు కాదు వదినా, డోడో."

"ఏదైతేనేం, స్నానం చేసింది కదా."

"ఆ మసి కావాలని పూసినది వదినా. ఆ మసికే ఎక్కువ డబ్బిచ్చి కొన్నారు."

వదినగారు చెయ్యి ఆపింది. మరదలి ముఖంలోకి, నాణెంలోకి, మళ్ళీ మరదలి ముఖంలోకి చూసింది. "మసికి డబ్బిచ్చాడా? అయితే వాడికి డాక్టరు కావాలన్నమాట నిజమే. పళ్ళ డాక్టరు మాత్రం కాదు."

"మీ కళ్ళద్దాల్లాంటివి ఓ ఏడెనిమిది జతలొస్తాయి దాని ఖరీదుతో."

వదినగారు అక్కడే పీట మీద కూలబడింది. "ఎంత పని చేశాం మరదలా!" అంది.

"చేశామా?"

"పొడి డబ్బా చేతికందేటట్టు పెట్టింది నువ్వు కాదుటే?"

ఇల్లాలి నెత్తిమీద మాత్రం నిజంగానే పిడుగు పడ్డట్టయింది. ఒక్క లోపం కనబడితే గది నీదని భర్త పొద్దున్నే అన్నాడు. కాఫీ గ్లాసు తడి ఆరకముందే లోపం తయారైంది. ఇది ఆమె పని కాదంటే వీధి కుక్క కూడా నమ్మదు. పిల్లి పాలు ముట్టలేదని ఎంత మొత్తుకున్నా మూతికి మీగడ అంటుకునే ఉందాయె. గది దక్కించుకోవడానికి మొగుడి పక్షిని బోడిగుండు చేసిన ఇల్లాలిగా పేరు పడటం కంటే నడవాలో తువ్వాళ్ళ కింద బతకడం నయమనిపించింది. కాబట్టి, తను గెలవాల్సిన పందెంలో తను ఓడిపోవడానికి, ఆమె నడుం బిగించింది.

ముందు బూటు పాలిష్ పూశారు. డోడో ఆఫీసుకి బయల్దేరుతున్న బూటులా తయారైంది, వాసన కూడా అదే. కడిగేశారు. తర్వాత వదినగారు పెనం అడుగు గీకి తెచ్చింది. అది నిలవలేదు. అప్పుడు ఇల్లాలికి చదువు గుర్తొచ్చింది. డిగ్రీలో ఆమెది రసాయనశాస్త్రం. ఇన్నేళ్ళలో ఆ శాస్త్రం మరకలు పోగొట్టడానికే పనికొచ్చింది. మరక పెట్టడానికి ఇదే మొదటిసారి.

"ఉడికిన గుడ్డు తగిలితే వెండి నల్లబడుతుంది వదినా. గుడ్డులో గంధకం ఉంటుంది. వేడివేడిగా చిదిపి, డబ్బాలో నాణెంతోపాటు పెట్టి మూతేస్తే చాలు."

"గుడ్డు తింటే కోడి ఊరుకుంటుంది కానీ, ఈ బాతు ఊరుకుంటుందా?" అంటూనే వదినగారు గిన్నె పొయ్యి మీద పెట్టింది.

గుడ్లు ఉడికాయి. ఇల్లాలు వాటిని చేతికందిన చెంచాతో చిదిపింది. అది ఆమె చిన్ననాటి వెండి చెంచా, పోపులపెట్టె పక్కనే ఎప్పుడూ ఉంటుంది. ఆ కంగారులో నాణెంతోపాటు చెంచాని కూడా డబ్బాలోనే వదిలేసి మూత బిగించింది. తోడికోడళ్ళకన్నా దగ్గరగా జరిగి, వదినా మరదళ్ళిద్దరూ ఆ డబ్బా ముందు కూర్చున్నారు. ఇల్లంతా గుడ్డు వాసనతో నిండిపోయింది.

మూత తీశాక చెంచా బొగ్గులా ఉంది. డోడో పెళ్ళికూతురులా మెరుస్తోంది.

"నీ చెంచాకెక్కింది, బాతుకెక్కలేదేమే?" అంది వదినగారు.

"అదే చూస్తున్నా వదినా," అంది ఇల్లాలు నెమ్మదిగా. ఆమె నాణేన్ని తిప్పి చూసింది, చెంచాని తిప్పి చూసింది. మనసులో ఏదో చల్లగా పాకింది. ఆ మాట నోటిదాకా వచ్చేలోపు వీధిలో స్కూటరు చప్పుడైంది. నాణేన్ని కడిగి, తుడిచి, ముఖమల్ మీద దాని చోట పెట్టి, కిటికీ మూసేసిన ఆ గదిలోంచి బయటపడింది. చెంచా వంటింటి గూట్లోకి వెళ్ళింది.

పళ్ళ డాక్టరు ముందు, ఆయన సంచీ పట్టుకుని సంఘం కార్యదర్శి వెనక, ఇద్దరికీ తలుపు తీసి పట్టుకుని తాకొద్దు గారు పక్కన. కార్యదర్శి నూనె రాసిన తలుపులా చప్పుడు కాకుండా తిరిగే మనిషి. సభ్యులందరికీ నాణేలు తెచ్చిపెట్టేది ఆయనే. బజారులో దొరకనివన్నీ "సభ్యుల ధరకే" ఇస్తాడు. బజారులో ఎందుకు దొరకవో ఎవరూ అడగలేదు.

గది తలుపు తెరవగానే డాక్టరు గారి ముక్కు పైకి లేచింది. "ఏమిటీ వాసన?"

తాకొద్దు గారి ముఖం పాలిపోయింది. ఇల్లాలు గుమ్మం బయట కొంగుతో గాలి విసరడం మొదలుపెట్టింది. డాక్టరు గారు కళ్ళు మూసుకుని మరోసారి పీల్చాడు.

"మేలైన వెండి వాసన. అలవాటున్న ముక్కుకే తెలుస్తుంది."

"మాకు తెలీలేదు సార్, మీరు చెప్పాక వస్తోంది," అన్నాడు కార్యదర్శి.

డాక్టరు, పోల్చి చూడటానికి తన డోడోని కూడా సంచీలో తెచ్చానని చెప్పి, నుదుటికి దీపం కట్టుకున్నాడు. పళ్ళ వెనక చూసే చిన్న అద్దంతో ఒక్కో నాణేన్నీ ఎత్తి, తిప్పి, సన్నటి ఇనప మొనతో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఎప్పుడో అంతరించిన బొచ్చు ఏనుగు బాగుందన్నాడు. కత్తికోరల పులి చాలా బాగుందన్నాడు. "వెండి స్వచ్ఛత వినిపిస్తోంది," అన్నాడు. ఇల్లాలు గూట్లోని చెంచాని తలుచుకుంది. ఆఖరుకి అద్దం డోడో మీదికొచ్చి ఆగిపోయింది.

అప్పుడే తాకొద్దు గారూ చూశాడు. ఆయన నోరు తెరుచుకుంది. అది చూసి డాక్టరు అలవాటుకొద్దీ దీపం అటు తిప్పాడు, మళ్ళీ తేరుకుని నాణెం మీదికి తెచ్చాడు.

"ఇది... నల్లగా లేదు!"

డాక్టరు అద్దాన్ని ఇంకా దగ్గరికి జరిపాడు.

"అయ్యా! మీకిది ఎక్కడ దొరికింది? నల్లపూత పడకుండా తప్పించుకుని బయటికొచ్చిన నాణెం! అచ్చువేసిన చోట జరిగిన పొరపాటు! ఇలాంటివి ప్రపంచం మొత్తం మీద ఒకటో రెండో ఉంటాయి."

కార్యదర్శి ముఖం ఒక్క క్షణం ఎర్రబడి, మరుక్షణం విచ్చుకుంది. "ఒకటే సార్. నేను కావాలనే ఈయనకిచ్చాను."

తాకొద్దు గారు నోరు మూసుకుని, గొంతు సవరించుకున్నాడు. "అవును. నేనూ కావాలనే ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు," అన్నాడు. అబద్ధం ఆయన నోట ఇంత నిబ్బరంగా పలకడం ఇల్లాలు పెళ్ళికి ముందు తప్ప మళ్ళీ వినలేదు.

ఆ తర్వాత ముందు గదిలో టీలు, బిస్కట్లు, పొగడ్తలు. కప్పు ఖాయమైపోయింది. డాక్టరు తన బంగారు దీపస్తంభం ఇస్తాను, దానికి బదులు డోడోనివ్వమన్నాడు. తాకొద్దు గారు కుర్చీలో వెనక్కి వాలి, "అమ్మేవి కావండీ ఇవి," అన్నాడు. కార్యదర్శి వచ్చే నెల రాబోతున్న వరస గురించి చెప్పాడు. సముద్రపు దొంగలు! ఒక్కో దొంగ ఒక్కో బిళ్ళ మీద, బంగారంలో కూడా వస్తాయి, ముందే చెప్పుకున్నవాళ్ళకే దక్కుతాయి. తాకొద్దు గారు అప్పటికప్పుడు దొంగల నాయకుణ్ణి బంగారంలో తనకే ఉంచమన్నాడు. ఆ ఊపులోనే పాత సామాన్ల వాడికి ఫోను చేశాడు.

"సాయంత్రం దాకా ఎందుకయ్యా, ఇప్పుడే వచ్చి మిషను తీసుకుపో. మాకు చోటు చాలట్లేదు."

ఇల్లాలు నడవాలోకి వెళ్ళింది. మిషనులోంచి దారపు కండె తీసింది. సూది విప్పింది. సగం కుట్టిన గౌను మడత పెట్టింది. బావిలో పడ్డవాణ్ణి పైకి లాగి, తనే బావిలో పడ్డట్టయింది ఆమె సంగతి.

ఇటు తలుపు చాటున నిలబడి అంతా విన్న వదినగారికి ఒక్క విషయం మాత్రం స్పష్టంగా అర్థమైంది. తోమని పదకొండూ మామూలువి. తోమిన ఒక్కటీ అపురూపం. తమ్ముడికి అపకారం చేశానని పొద్దుట్నుంచి కుమిలిపోతున్న ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. పెద్దక్కగా పుట్టినందుకు తమ్ముడికింత మేలు చేసే అవకాశం మళ్ళీ రాదు. ఈసారి పొడి మీద నమ్మకం పెట్టుకోకుండా స్టీలు పీచు అందుకుంది.

డాక్టరు రెండో టీ తాగుతుండగా ఆవిడ కడిగిన గ్లాసులు తెచ్చినట్టు ఒక పళ్ళెంలో పదకొండు నాణేలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒకదాని మీదింకా నురగ ఉంది.

"ఇదిగోరా తమ్ముడూ. అన్నీ అపురూపం చేసేశాను."

తాకొద్దు గారి గొంతులోంచి వచ్చిన శబ్దం మనిషి చేసేది కాదు. అంతరించిన జీవుల్లో ఏదో ఒకటి అలా అరిచేదేమో.

"ఒకటి మెరిస్తే అపురూపం," అన్నాడు డాక్టరు లేచి నిలబడి. "డజను మెరిస్తే వంటసామాను!"

"నాకు తెలుసు! ఇదంతా ఎవరి పనో నాకు తెలుసు!" తాకొద్దు గారు నడవా వైపు తిరిగి కేకేశాడు. "ఏమోయ్! గది కోసం ఇంత పని చేస్తావా?"

ఇల్లాలు మడత పెట్టిన గౌనుతోనే వచ్చి నిలబడింది.

"దాన్నంటావేరా? తోమింది నేను. పొద్దున బాతుని తోమిందీ నేనే," అంది వదినగారు.

డాక్టరు నుదుటి మీద దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. "బాతంటే... డోడోనా? మీరు తోమారా? అచ్చు పొరపాటు కాదా?"

"అచ్చూ లేదు, పొరపాటూ లేదు నాయనా. గిన్నెల పొడి. మీకూ కావాలంటే కొంచెం పొట్లం కట్టిస్తాను."

డాక్టరు రంగు మారింది. "నాకు ముందే అనుమానం వచ్చింది. పైకి అనలేదంతే," అన్నాడు. కార్యదర్శి, "అవును సార్, మీరు అనకపోవడం నేను గమనించాను," అన్నాడు.

ఇల్లాలు ఇవేవీ వినడం లేదు. పళ్ళెంలోంచి పులిని తీసి గుమ్మం వెలుతురులోకి తెచ్చింది. స్టీలు పీచు గట్టిగా తగిలిన చోటల్లా, ముక్కు మీద, మూపు మీద, లోపలి రంగు బయటపడింది.

"వదినా, ఈ పులి ముక్కు ఏ రంగులో ఉంది?"

కొత్త కళ్ళద్దాలు సర్దుకుని వదినగారు చూసింది. "పచ్చగా ఉందే. మీ ఇత్తడి బిందెలాగ."

"వెండిని ఎంత తోమినా కింద వెండే కదండీ ఉంటుంది డాక్టరు గారూ?"

"కొన్ని... మేలు రకం వెండ్లలో... పసుపు ఛాయ..." డాక్టరు మాట కోసం కార్యదర్శి వైపు చూశాడు. కార్యదర్శి ఫోను వైపు చూసుకున్నాడు.

ఇల్లాలు గూట్లోంచి నల్లటి చెంచా తెచ్చింది. అందరి ముందూ దాన్ని పొడితో తోమి తెల్లగా చేసింది. "ఇది మా అమ్మమ్మ కొన్న చెంచా. నిఖార్సయిన వెండి. మీ సంచీలో మీ డోడో కూడా ఉందిగా, పోల్చి చూడటానికి తెచ్చానన్నారు. దాని మసి కూడా తోమేసి, ఈ రెండిటినీ ఒకే డబ్బాలో ఉడికిన గుడ్డుతో పెడదాం. వెండైతే రెండూ నల్లబడాలి."

"నా నాణేన్ని గుడ్డులో పెడతారా?"

"ఇన్నేళ్ళూ జనం నోళ్ళలో పెట్టిన చేతులే కదా నాయనా అవి. గుడ్డుకేం జంకు?" అంది వదినగారు.

పరువు సమస్య అయ్యేసరికి డాక్టరు సంచీ విప్పక తప్పలేదు. వదినగారు ఆ డోడోకి కూడా స్నానం చేయించింది, గిన్నె మళ్ళీ పొయ్యి ఎక్కింది. ఇంట్లో ఫోను సరిగా పలకడం లేదంటూ కార్యదర్శి బయటికి వెళ్ళాడు. గుడ్లు ఉడికే వాసన ముందు గదిలోకొచ్చింది. డాక్టరు గారి ముక్కు ఒకసారి లేచి, దేన్నో గుర్తుపట్టి, మెల్లగా దిగిపోయింది. మేలైన వెండి గురించి ఆయన ఈసారి ఏమీ అనలేదు.

మూత తీశారు. చెంచా నల్లగా, డోడో తెల్లగా. పొద్దుటికీ ఇప్పటికీ తేడా ఏమిటంటే ఈ డోడో అధ్యక్షుల వారిది.

"కార్యదర్శి గారేరీ?" అన్నాడు తాకొద్దు గారు.

కార్యదర్శి ఫోను మాట్లాడుతూ వీధి మలుపు దాటి చాలాసేపయింది. కంగారులో తన అరిగిన చెప్పులు గుమ్మంలో వదిలేసి, డాక్టరు గారి కొత్త బూట్లు వేసుకుపోయాడు. సముద్రపు దొంగల వరస ఆ విధంగా నెల ముందే విడుదలైంది.

అదే సమయానికి పాత సామాన్ల వాడు తోపుడుబండి ఆపి, "మిషనెక్కడుందయ్యా?" అంటూ గుమ్మంలోకొచ్చాడు.

ఇల్లాలు భర్త ముఖంలోకి చూసింది. తాకొద్దు గారు బీమా ఆఫీసు మనిషి. ఇల్లు కాలిపోయినవాడికి కూడా ఏదో ఒక షరతు చూపించి పంపేయగలడు. ఆ కష్టంలోనూ ఆయన బుర్ర పనిచేసింది.

"చూడవోయ్, మాటంటే మాటే. డాక్టరు గారు లోపం చూపిస్తే గది నీదన్నాను. ఆయన చూపించలేదు. పైగా అన్నీ బాగున్నాయన్నారు. నువ్వు చూపిస్తే ఇస్తానని నేను అనలేదు."

"నిజమేరా," అంది అక్కగారు. తాకొద్దు గారు తలాడించాడు. "అలాగే అన్నావు, నేను విన్నాను. కానీ మీ సంఘానికున్న పెద్ద లోపం ఆ డాక్టరేగా? దాన్ని ఆయనే వచ్చినప్పట్నుంచీ చూపిస్తున్నాడు. ఇక లే. పెట్టెలు నెత్తిన పెట్టుకుంటానన్నావు, అది కూడా విన్నాను."

డాక్టరు గారు అక్కడే ఉన్నాడు కాబట్టి ఆ మాట విన్నాడు. విని, కార్యదర్శి వదిలిన అరిగిన చెప్పుల్లో కాళ్ళు దూర్చి, దీపం ఆర్పడం కూడా మర్చిపోయి, మిట్టమధ్యాహ్నం ఎండలో నుదుటి మీద వెలుగుతోనే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

పాత సామాన్ల వాడు ఉత్తచేతులతో వెళ్ళడం ఇష్టంలేక నాణేల గదిలోకి తొంగిచూశాడు. బిళ్ళలు తనకొద్దన్నాడు. నాణేలొచ్చిన చెక్క పెట్టెలు మాత్రం చాలా బాగున్నాయని, మంచి ధరే ఇస్తానని అన్నాడు. కొన్నదంతట్లో పనికొచ్చే సరుకు అదొక్కటేనని తేలాక తాకొద్దు గారు బేరం కూడా ఆడలేదు. ఆయన నెత్తికెత్తుకోవాల్సిన బరువు అలా తగ్గింది.

కిటికీ అట్ట ఊడదీసింది వదినగారే. వెలుతురు పడగానే గదినిండా ఉన్న దుమ్ము ఆవిడ కళ్ళద్దాలకి కనబడింది. ఇంకో పదిహేను రోజులకి సరిపడా ఆవిడకి పని దొరికింది.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చిన తాకొద్దు గారు గది గుమ్మం దగ్గర ఆగాడు. కిటికీ కింద మిషను. పక్కన బల్ల మీద లేత పసుపు గుడ్డ పరచి, దాని మీద గౌను కొలతలకి కత్తిరించిన కాగితం పెట్టి, అది కదలకుండా అంచుల వెంట బరువులు పెట్టి ఉంది. ఏనుగు ఒక మూల, పులి ఒక మూల, మెడ వంపు దగ్గర డోడో. దాచుకున్నన్నాళ్ళూ ఏ పనీ చేయని పక్షి మొదటిసారి ఒక పని చేస్తోంది. ఆయనకు దాన్ని ఒక్కసారి చేతిలోకి తీసుకోవాలనిపించింది. చేతితొడుగులు లేకుండానే మెల్లగా చెయ్యి చాచాడు.

ఇల్లాలు కత్తెర ఆపలేదు, తలెత్తలేదు.

"తాకొద్దు," అంది.